వంజంగి మబ్బులు చూడాలంటే పాడేరులో పడుకోవాలి

ప్రశ్న: మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. డిసెంబర్ ఆఖరి వారంలో పిల్లల సెలవులకి వైజాగ్ వచ్చి, అక్కడ హోటల్లో దిగి, రెండు రోజుల్లో ఏజెన్సీ (మన్యం కొండ ప్రాంతం) మొత్తం చూడాలని ప్లాన్. మొదటి రోజు బొర్రా గుహలు, అరకు, చాపరాయి. రెండో రోజు వంజంగి కొండ, లంబసింగి, కొత్తపల్లి జలపాతం. మాతో అమ్మ (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), నాన్న (షుగర్, ఇన్సులిన్ తీసుకుంటారు), ఇద్దరు పిల్లలు (10, 6) ఉంటారు. మా వారు కారు బాగా నడుపుతారు, సొంత కారులోనే రావాలని ఆయన పట్టు. అమ్మ వంజంగి ఎక్కగలదా? ఆ ప్రాంతం సేఫేనా? అక్కడి పిల్లలకి పంచడానికి చాక్లెట్లు, మా పిల్లల పాత బట్టలు తెద్దామనుకుంటున్నాం. ఇంకేమైనా తేవాలా?

సమాధానం: అమ్మా, మీ జాబితా చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. పాడేరు పక్కన ఒక ఆశ్రమ పాఠశాలలో పదకొండేళ్లు పంతులుగా పనిచేశాను. మీరు రాసిన చోట్లన్నీ నేనూ చూశాను. అయితే వాటికి నాకు పదకొండేళ్లు పట్టింది.

ముందు దారి లెక్క చూద్దాం. వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్ల చిల్లర. మ్యాప్‌లో మూడు గంటలని చూపిస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో, టిఫిన్‌కి ఒకసారి, వాంతికి రెండుసార్లు ఆగితే నాలుగున్నర. అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్లే అయినా గంటన్నర పడుతుంది. పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా లంబసింగికి రెండు గంటలు వేసుకోండి. అక్కడి నుంచి నర్సీపట్నం దిగడానికి ఇంకో గంట. ఘాట్ రోడ్డులో మీ స్పీడు మీ చేతిలో ఉండదు, ముందు పోయే లారీ చేతిలో ఉంటుంది. ఈ లెక్కన మీ రెండు రోజుల్లో పద్నాలుగు, పదిహేను గంటలు కారులోనే గడుస్తాయి. మిగిలిన టైములో పార్కింగ్ వెతుక్కోవడమే సరిపోతుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. వంజంగిలో మబ్బులు కనిపించేది తెల్లవారుజామున. లంబసింగిలో పొగమంచు చూడాల్సిందీ తెల్లవారుజామునే. ఒక రోజుకి ఒకటే తెల్లవారుజాము. వైజాగ్ హోటల్లో పడుకుని ఈ రెంటిలో ఏ ఒక్కటి చూడాలన్నా అర్ధరాత్రి బయల్దేరి, నిద్రకళ్లతో, మంచులో ఘాట్ ఎక్కాలి. చాలామంది అదే చేస్తున్నారు. ప్రమాదాలు జరిగేదీ అప్పుడే. అందుకే వంజంగి, లంబసింగిల్లో ఒకటి ఎంచుకోండి. ఎంచుకున్నదానికి దగ్గర్లోనే పడుకోండి. ఇది ఒక్కటి పాటిస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

మీ ఇంటి మనుషుల్ని బట్టి నేనైతే పాడేరులో రెండు రాత్రులు ఉండమంటాను. పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, మందుల షాపులు, ఏటీఎంలు, పెట్రోలు బంకులు అన్నీ ఉన్నాయి. మీ నాన్నగారికి ఏదైనా తేడా చేస్తే పది నిమిషాల్లో డాక్టర్ దగ్గర ఉంటారు. కొండ మీద టెంటులో ఉంటే ఆ భరోసా ఉండదు. లాడ్జీలు మామూలుగా ఉంటాయి, వేడినీళ్లు ఉదయం ఏదో ఒక గంట సేపే వస్తాయి. గది బుక్ చేసేటప్పుడే ఆ టైము, జనరేటర్ సంగతి, అదనపు రగ్గుల సంగతి ఫోన్లో అడిగేయండి.

ఇంకో మాట. ఏజెన్సీ అంటే వైజాగ్‌లోనే దిగాలని అందరూ అనుకుంటారు. పాడేరు వెళ్లేవాళ్లకి అనకాపల్లి దగ్గర. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే చాలా రైళ్లు అక్కడ ఆగుతాయి. పొద్దున్నే అనకాపల్లిలో దిగి, చోడవరం, వి.మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే మధ్యాహ్న భోజనానికి పాడేరులో ఉంటారు. మాడుగులలో కాసేపు ఆగి హల్వా కొనండి. గోధుమ పాలు, నెయ్యి, పంచదారతో చేసే ఆ హల్వాకి ఉత్తరాంధ్ర అంతా పేరుంది. పిల్లలకి మాత్రం ఘాట్ దిగేటప్పుడు పెట్టండి, ఎక్కే ముందు వద్దు. ఎందుకో నాకు బాగా తెలుసు. స్కూలు పిల్లల్ని జీపులో ఆటలపోటీలకి తీసుకెళ్తూ ఒకసారి ఈ తప్పు చేశాను, ఆ జీపుని వాగులో కడగాల్సి వచ్చింది.

కారు సంగతి. మీ వారు బాగా నడుపుతారనే నమ్ముతాను. కానీ హైదరాబాద్ నుంచి ఆరువందల కిలోమీటర్లు నడిపి, మర్నాడు ఘాట్ ఎక్కడం వేరే పని. అనకాపల్లిలోనో వైజాగ్‌లోనో బండి మాట్లాడుకోండి. మాట్లాడేటప్పుడు రేటుతో పాటు, డ్రైవరు ఏజెన్సీ రోడ్డుకి అలవాటు పడ్డవాడేనా అని అడగండి. రాత్రి బస, భోజనం ఎవరి ఖర్చో కూడా ముందే తేల్చుకోండి. సొంత కారే అని ఆయన పట్టుబడితే ఇవి చెప్పండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి దిగకూడదు, రెండో గేరులో ఇంజను పట్టుతో దిగాలి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లోనో ఎల్‌లోనో పెట్టాలి. రబ్బరు కాలినట్టు వాసన వచ్చిందంటే బ్రేకులు వేడెక్కినట్టే. వెడల్పు ఉన్నచోట పక్కకి తీసి అరగంట ఆపాలి. చక్రాల మీద నీళ్లు పోయకూడదు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మలుపులో హారన్ కొట్టడం అక్కడ మర్యాదే. మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టు అవుతుంది, లోబీమే వేసుకోవాలి. సాయంత్రం ఐదున్నర దాటాక ఘాట్ మీద ఉండకుండా చూసుకోండి.

మ్యాప్‌ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, పాడేరు దాటితే చాలాచోట్ల సిగ్నల్ పోతుంది. అది చూపించే షార్ట్‌కట్‌ని మాత్రం నమ్మకండి. అక్కడ గీత గీసి ఉన్నంత మాత్రాన అది కారు రోడ్డు అయిపోదు. ఒక సంక్రాంతికి మా స్కూలు వెనక పొలాల గట్టు మీదికి ఓ పెద్ద కారు వచ్చి ఆగిపోయింది. ముందుకి వాగు, వెనక్కి తిప్పడానికి చోటు లేదు. ఊరి కుర్రాళ్లు పదిమంది చేరి వెనక చక్రాల్ని ఎత్తి, కొంచెం కొంచెంగా జరిపి తిప్పారు. ఆ కారాయన డబ్బులు తీస్తే వద్దన్నారు. ఆయన మాత్రం గంట తర్వాత కూడా ఫోన్‌ని తిడుతూనే ఉన్నాడు. ఎక్కడైనా అనుమానం వస్తే అద్దం దించి, “అన్నా, కారు వెళ్తుందా?” అని అడగండి. “దారి ఉందా” అని అడిగితే ఉందనే చెప్తారు. వాళ్లు నడిచి వెళ్లే దారి కదా మరి.

ఇక మీ అమ్మగారు వంజంగి ఎక్కడం గురించి. వంజంగి పాడేరుకి ఏడెనిమిది కిలోమీటర్లు. చివరి భాగం నడకే, చీకట్లో, రాళ్ల మీద, వందలమందితో పాటు. పైకి ఎలాగో ఎక్కినా మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి దిగడం కష్టం. ఆమెని తీసుకెళ్లకండి. అలాగని గదిలో కూర్చోబెట్టి మీరందరూ వెళ్లిపోవడమూ బాగుండదు. మీ ఇద్దరిలో ఒకరు పెద్దపిల్లవాడితో కొండకి వెళ్లండి. రెండోవారు చిన్నవాడితో, పెద్దవాళ్లతో లాడ్జి మేడ మీదనో, ఊరి బయట రోడ్డు మీదనో నిలబడండి. పాడేరే దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబర్ ఉదయం ఆ లోయలో పొగమంచు పాలు పొంగినట్టు లేస్తుంది. దాన్ని చూడటానికి కొండే ఎక్కనక్కర్లేదు.

కొండకి వెళ్లేవాళ్లు నాలుగు గంటలకల్లా బయల్దేరాలి. డిసెంబర్ ఆఖర్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. మబ్బులు ఖచ్చితంగా కనిపిస్తాయా అని నన్ను అడిగినవాళ్లకి లెక్కే లేదు. అక్కడ మనం చూసేది నిజానికి లోయలో పేరుకున్న పొగమంచు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలకపోతే, చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది, అందులోని తేమ మంచు అవుతుంది. దానికి పైన నిలబడ్డవాళ్లకి మబ్బుల సముద్రంలా కనిపిస్తుంది. గాలి వీస్తే అంత మంచు పట్టదు. మరీ ఎక్కువ పట్టినా కొండ మునిగిపోయి, పక్క మనిషి కూడా కనపడడు. అందుకే రెండు రాత్రులు ఉండమన్నాను, మొదటి ఉదయం తప్పితే రెండోది చేతిలో ఉంటుంది. పైకి వెళ్లేముందు లాడ్జిలోనే బాత్రూమ్ పని ముగించుకోండి. సెలవుల రద్దీలో పైన దాని గురించి ఆడవాళ్లు పడే ఇబ్బంది నేను చూశాను. ఫోన్ లైటు మీద ఆధారపడకుండా ఒక టార్చి, పట్టు ఉన్న బూట్లు ఉండాలి. చెప్పులు వద్దు.

లంబసింగి గురించి కూడా రెండు మాటలు, మీ పిల్లలు అడుగుతారు కాబట్టి. దానికి ఊరివాళ్ల పేరు కొర్రబయలు. కొర్ర అంటే కర్ర, బయలు అంటే బయట. రాత్రి బయట ఉండిపోయినవాడు పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతాడని అర్థం. ఉష్ణోగ్రత అప్పుడప్పుడు సున్నా దగ్గరకి వెళ్తుంది. కానీ “మంచు కురుస్తుందట కదా” అని కశ్మీర్ ఫొటోలు ఊహించుకుని వచ్చేవాళ్లు నిరాశపడతారు. మన భాషలో హిమానికీ పొగమంచుకీ ఒకటే మాట కావడంతో వచ్చిన తంటా ఇది. అక్కడ కురిసేది రెండోది. పిల్లలకి ముందే చెప్పి తీసుకురండి. ఈసారికి మాత్రం లంబసింగిని వదిలేయమనే నా సలహా.

చలికి ఒక లావుపాటి స్వెటర్ కంటే రెండు మూడు పల్చటి పొరలు మేలు. పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది, ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. మీ నాన్నగారి ఇన్సులిన్‌ని రాత్రి కారులో వదలొద్దు, గదిలో పెట్టుకోండి. అది గడ్డకడితే ఇక పనికిరాదు. షుగర్ చూసే మెషిన్ కూడా బాగా చలిలో ఎర్రర్ చూపిస్తుంది. కంగారు పడకుండా కాసేపు రగ్గులో పెట్టి, అది మామూలు వేడికి వచ్చాక చూడమనండి. పొద్దున్నే టిఫిన్ దొరకడం ఆలస్యమవుతుంది కాబట్టి ఆయన జేబులో బిస్కెట్లు, గ్లూకోజ్ ఉండాలి. దోమలకి క్రీము, పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు తప్పనిసరి. ఇది మలేరియా ప్రాంతం. చలికాలం తక్కువే, అసలు లేకుండా పోదు. ఇంటికి చేరాక నెలా రెండు నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టర్‌తో “ఏజెన్సీకి వెళ్లొచ్చాం” అని మొదటి మాటగా చెప్పండి. మలేరియా టెస్టు చేయించాలని హైదరాబాద్ డాక్టర్‌కి వేరే ఎలా తడుతుంది?

సేఫేనా అన్నారు. మీరు వెళ్లే రోడ్ల మీద టూరిస్టులకి మనుషుల వల్ల భయం లేదు. చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం బండ్లు ఆపి సోదా చేస్తారు, ఓపిగ్గా డిక్కీ తెరిచి చూపించండి. ముక్కూమొహం తెలియనివాళ్లు “ఈ సంచి కింద ఇచ్చేయండి సార్” అంటే ససేమిరా తీసుకోవద్దు. బ్యాగులతో లిఫ్ట్ అడిగినా అంతే. నేను భయపడేది నీళ్లకి. చాపరాయి చూడటానికి పిల్లలు జారే బల్లలా ఉంటుంది, లోతే లేదనిపిస్తుంది. పాచి పట్టిన బండ మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. జలపాతాల గుంటలూ అంతే. మీ పిల్లలు ఒడ్డునే కాళ్లు తడుపుకోనివ్వండి.

రెండో రోజు వంజంగి దిగి వచ్చాక అందరూ పది గంటల దాకా పడుకోండి. మధ్యాహ్నం మత్స్యగుండం వెళ్లండి. అక్కడి చేపల్ని దేవుడి చేపలుగా చూస్తారు, ఎవరూ పట్టరు. మీ నాన్నగారికి నచ్చుతుంది. పాడేరు మోదకొండమ్మ గుడి ఊళ్లోనే ఉంది, మీ అమ్మగారు నడిచే వెళ్లొచ్చు. వీటన్నిటికంటే ముందు మాత్రం సంత చూడమంటాను. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊళ్లో సంత, మీరున్న రోజుల్లో దగ్గర్లో ఎక్కడుందో లాడ్జి వాళ్లే చెప్తారు. తొమ్మిది గంటలకల్లా వెళ్లాలి. చోళ్లు (రాగులు), సామలు, రాజ్మా, అల్లం, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు గోనెల మీద పోసి ఉంటాయి. కొండ మీది నుంచి నెత్తిన బుట్టతో మూడు గంటలు నడిచొచ్చిన ముసలామె సోల అనే కొలత గిన్నెతో రాజ్మా కొలుస్తుంది. నిండాక పైన ఇంకో గుప్పెడు వేస్తుంది. ఆమె దగ్గర పది రూపాయలకి బేరం ఆడొద్దని మీ వారికి చెప్పండి. పది, ఇరవై, యాభై నోట్లు కట్ట పట్టుకెళ్లండి. ఫోన్‌పే అక్కడక్కడా ఉంది, సిగ్నలే నమ్మకం కాదు. కొనేవాళ్లతో తెలుగే మాట్లాడతారు. తమలో తాము మాట్లాడుకునేది మీకు అర్థం కాకపోతే అది వాళ్ల ఆదివాసీ ఒడియానో, కువి అనే కోందుల భాషో అయ్యుంటుంది. నవ్వుకోకండి. మా స్కూల్లో పిల్లలు మూడు భాషలు తెలిసి ఒకటో తరగతికి వచ్చేవారు, నాకు రెండే వచ్చు.

ఇక చాక్లెట్లు, పాత బట్టలు. మీ మనసు మంచిదే, కానీ దయచేసి తేవొద్దు. సెలవుల్లో రోజుకి ఎన్ని కార్లు ఆగుతాయో ఊహించుకోండి. కారు కనపడగానే పిల్లలు రోడ్డు మీదకి పరిగెత్తడం నేర్చుకున్నారు. మలుపు దగ్గర అలా పరిగెత్తే పిల్లల్ని చూసి నా గుండె ఎన్నిసార్లు ఆగిందో. పాత బట్టలు కూడా అంతే. మీ ఇంటి ముందు ఎవరో కారు ఆపి మీ పిల్లలకి పాత బట్టలిస్తే మీకెలా ఉంటుంది? ఇవ్వాలనే ఉంటే ఏదైనా బడికి వెళ్లి హెడ్మాస్టరుని కలిసి, ఏం అవసరమో అడిగి, తర్వాత పంపండి. మీరు వెళ్లేసరికి బడి మూసి ఉంటే ఫోన్ నంబరు తీసుకుంటే చాలు. అసలైన సాయం సంతలో కొనడం, అక్కడి హోటల్లో తినడం, ఊరి కుర్రాణ్ణి గైడుగా పెట్టుకోవడం. బొంగు చికెన్ తినాలనుకుంటే ముందే చెప్పి ఉంచండి, వెదురు బొంగులో కాలడానికి ముప్పావుగంట పైనే పడుతుంది. తొందర పెడితే లోపల పచ్చిగా ఉంటుంది.

ఫొటో తీసేముందు “అమ్మా, తీయనా?” అని అడగండి. తల అడ్డంగా ఊపితే ఫోన్ జేబులో పెట్టేయండి. ముఖ్యంగా ముక్కుకి మూడు పోగులతో ఉన్న ముసలమ్మల్ని చూసి మొహం మీదకి ఫోన్ పెట్టేస్తారు జనం. ఆదివాసీలు గుంపుగా థింసా నాట్యం ఆడుతుంటే మధ్యలో దూరి రీలు తీయడం కూడా చూశాను. ఇళ్ల ముందు, రోడ్డు పక్కన పరదాల మీద కాఫీ గింజలు ఆరబోసి ఉంటాయి. డిసెంబరే కోత కాలం. వాటి పక్కన కారు పెట్టి దుమ్ము లేపొద్దు, పిల్లల్ని తొక్కనివ్వొద్దు. చెట్టున ఎర్రగా ఉన్న కాఫీ పళ్లు ముచ్చటగా ఉంటాయి, అవి ఒక కుటుంబానికి ఏడాది సంపాదన. చాలా తోటల్లో మధ్యలో పెరిగే మిరియాల తీగలూ అంతే. మీ ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు ఏవైనా ఉంటే ఒక సంచిలో వేసి కిందకి తెచ్చేయండి. వంజంగి కొండ మీద జనవరిలో చెత్త ఏరడానికి మా పిల్లల్ని తీసుకెళ్లేవాణ్ణి. మూడు గోనెలు తెస్తే, అవి ఎక్కడ పోయాలో తెలిసేది కాదు.

మూడో రోజు రెండు దారులున్నాయి. అందరూ అలిసిపోతే వచ్చిన దారినే అనకాపల్లి దిగి రైలెక్కండి. ఓపికుంటే పొద్దున్నే అరకు వెళ్లి, దారిలో చాపరాయి దగ్గర ఒక గంట ఆగి, బండి అక్కడ వదిలేసి కిరండూల్ నుంచి వచ్చే రైల్లో వైజాగ్ దిగండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకి తేవడానికి 1960లలో వేసిన లైను అది. సొరంగాలు వస్తుంటే లెక్కపెట్టమనండి, పిల్లలకి బాగా టైంపాస్ అవుతుంది. టికెట్లు ముందే రిజర్వ్ చేసుకోండి, రైలు ఒక్కోసారి గంట, రెండు గంటలు ఆలస్యం, కాబట్టి అదే రాత్రి హైదరాబాద్ రైలుకి దాన్ని ముడిపెట్టొద్దు. బొర్రా గుహల్లో వందల మెట్లు, మీ అమ్మగారికి అవీ పడవు. దాన్ని కూడా వదిలేయండి.

తేదీలు మార్చుకునే వీలుంటే డిసెంబర్ 24 నుంచి జనవరి 2 దాకా తప్పించండి. ఆ రోజుల్లో వంజంగి దారి ట్రాఫిక్ జామ్‌లో మీ కూకట్‌పల్లికి ఏమీ తీసిపోదు. పిల్లలకి సెలవులు అప్పుడే అంటే సోమవారం ఎక్కి బుధవారం దిగేలా చూసుకోండి. వలిసె పూల పసుపు పొలాల కోసం వస్తున్నట్టయితే డిసెంబర్ చివరికి చాలావరకు అయిపోతాయి, ఆ ఫొటోలు చూసి ఆశ పెట్టుకోకండి.

ఇంటికి తీసుకెళ్లడానికి రెండు కొనండి. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో కాఫీ పొడి ఒకటి. కొనేటప్పుడు చికోరీ ఎంత కలిపారో ప్యాకెట్ మీద చూసుకోండి, అసలు లేనిది కూడా దొరుకుతుంది. రెండోది సంతలో ఆ ముసలామె కొలిచిన రాజ్మా. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా అయ్యేదాకా బాగా ఉడికించమని మీ అమ్మగారికి చెప్పండి. సరిగా ఉడకని రాజ్మా కడుపుని పాడుచేస్తుంది.